ఏ కూలెంట్ పోయాలి? రంగు కాదు, డబ్బా వెనక చూడండి

ప్రశ్న: నాది 2017 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నప్పుడు కూలెంట్ నీలం రంగులో ఉండేది. నెలనెలా డబ్బాలో తగ్గిపోతుంటే మా కాలనీ మెకానిక్ కొంత పచ్చ కూలెంట్, కొంత బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు. ఇప్పుడది టీ రంగుకి తిరిగింది. మొన్న మిట్టమధ్యాహ్నం అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఉండగా ఇంజన్ వేడెక్కి ఆపేయాల్సి వచ్చింది. మొత్తం మార్పిద్దామంటే షాపులో ఒకరు పచ్చదే పోయమంటారు, ఇంకొకరు గులాబీ రంగుదైతే అయిదేళ్లు చూసుకోనక్కర్లేదంటారు. మెకానిక్ మాత్రం హైదరాబాద్‌లో మంచు పడదు కదా, నీళ్లు చాలంటాడు. ఏది పోయించమంటారు?
– ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరడిగిన దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కూలెంట్ నెలనెలా ఎందుకు తగ్గుతోంది? కూలింగ్ సిస్టమ్ మూసి ఉండే వ్యవస్థ. వేడికి పొంగిన కూలెంట్ రిజర్వాయర్ డబ్బాలోకి వెళ్తుంది, చల్లారాక మళ్లీ రేడియేటర్‌లోకి వచ్చేస్తుంది. ఏడాదిలో కాస్త మట్టం దిగితే దిగవచ్చు. ప్రతి నెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. అది పట్టుకోకుండా ఎంత మంచి కూలెంట్ పోయించినా డబ్బు రోడ్డు మీద పోసినట్టవుతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి చూడండి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్‌లో అల్యూమినియం భాగాన్ని పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు పట్టుకునే మడత దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర తెల్లగా గానీ రంగుగా గానీ ఎండిన చారలు కనిపిస్తే లీకు అక్కడే. కారు లోపల తియ్యటి వాసన వస్తూ, డాష్‌బోర్డ్ కింద కార్పెట్ తడిగా ఉంటే హీటర్ కోర్ (క్యాబిన్‌కి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. బయట ఎక్కడా తడి లేదు, కానీ పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తోంది, మూత తీసి చూస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగడం లేదు అంటే అనుమానం హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీదికి పోతుంది. మీ బండి ఇప్పటికే ఒకసారి ఓవర్‌హీట్ అయింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రేడియేటర్ మూత స్థానంలో ఒత్తిడి మీటరున్న చిన్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఇచ్చి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే ముల్లు దిగుతోందో లేదో తెలిసిపోతుంది. దీన్నే ప్రెషర్ టెస్ట్ అంటారు, చేయమని అడగండి. ఆ పరికరం లేని షెడ్డులో ఈ పని చేయించకండి. లీకు ఆపుతుందంటూ అమ్మే పొడులు, ద్రావణాలు మాత్రం వద్దు. అవి లీకుతోపాటు రేడియేటర్, హీటర్ కోర్‌లలోని సన్నటి గొట్టాలనూ మూసేస్తాయి.

ఇక ఆ టీ రంగు. నీలంలో పచ్చ కలిస్తే నీలిపచ్చ వస్తుంది తప్ప గోధుమ రంగు రాదు. మీకు కనిపిస్తున్నది తుప్పు. అంటే తుప్పును ఆపే రసాయనాల బలం అయిపోయింది, లోపల ఇనుప భాగాలు తినేయబడుతున్నాయి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎర్రటి మడ్డి మిగిలితే తుప్పే. అలా కాకుండా పాలు కలిసిన టీలాగా చిక్కగా ఉండి, పైన నూనె తెట్టు కడితే ఇంజన్ ఆయిల్ కలుస్తోందన్నమాట. అప్పుడు కూలెంట్ మార్చడం కాదు, ఇంజన్ విప్పి చూడటమే పని.

మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. వేడిని మోయడంలో మామూలు నీళ్లు గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే ముఖ్య ద్రవం) కలిపిన మిశ్రమం కంటే మెరుగు. హైదరాబాద్‌లో నీళ్లు గడ్డకట్టే చలీ రాదు. అయినా నీళ్లు చాలవు, రెండు కారణాలకి. మొదటిది మరిగే ఉష్ణోగ్రత. మన నగరం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అది 118 డిగ్రీల దాకా పెరుగుతుంది. సగానికి సగం గ్లైకాల్ కలిపితే ఇంకో ఎనిమిది డిగ్రీల వరకు వెసులుబాటు దొరుకుతుంది. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు, ముందున్న ఏసీ కండెన్సర్ వదిలే వేడి గాలే రేడియేటర్‌లోకి వెళ్తున్నప్పుడు పనికొచ్చేది ఆ వెసులుబాటే. సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉష్ణోగ్రత మీటర్ చూపించే దానికంటే చాలా ఎక్కువ. అక్కడ నీళ్లు ఆవిరై బుడగ కట్టాయంటే ఆ చోట లోహానికి చల్లదనం అందదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఇంజన్‌లో అల్యూమినియం, ఇనుము, ఉక్కు, రబ్బరు, ప్లాస్టిక్ అన్నీ ఒకే ద్రవంలో తడుస్తూ ఉంటాయి. ఉత్త నీళ్లలో ఈ లోహాల మధ్య తుప్పు ఆగదు. మీ బండికి జరుగుతున్నది అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. పచ్చ, నీలం, గులాబీ, నారింజ ఇవన్నీ కంపెనీలు కలిపే రంగులు మాత్రమే. ఏ రంగు దేనికన్న నియమం ప్రపంచంలో ఎక్కడా లేదు. దాదాపు అన్నిటిలోనూ ఉండేది ఒకటే ఇథిలీన్ గ్లైకాల్. తేడా అంతా అందులో కొద్ది శాతం మాత్రమే ఉండే తుప్పు నిరోధక రసాయనాల్లో ఉంది.

పాతకాలపు పచ్చ కూలెంట్‌లో సిలికేట్లు, ఫాస్ఫేట్లలాంటి ఖనిజ లవణాలు ఉంటాయి. ఇవి పోసిన వెంటనే లోహం మీదంతా పొర కట్టి కాపాడతాయి, కానీ ఆ పనిలోనే త్వరగా ఖర్చయిపోతాయి. అందుకే వాటి ఆయుష్షు సుమారు రెండేళ్లు, 40 వేల కిలోమీటర్లు. తర్వాత వచ్చిన ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్ టెక్నాలజీ) రకంలో సేంద్రియ ఆమ్లాలు ఉంటాయి. తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పనిచేస్తాయి కాబట్టి అయిదేళ్ల వరకు నిలుస్తాయి. ఈ రెండిటినీ కలిపినవి హైబ్రిడ్‌లు. అక్కడే జపాన్, ఐరోపా దారులు వేరయ్యాయి. ఐరోపాలో నీళ్లు కఠినం. వాటిలోని కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిపడుతుందని అక్కడి కంపెనీలు ఫాస్ఫేట్ వదిలేసి సిలికేట్ ఉంచుకున్నాయి. జపాన్, కొరియా కంపెనీలు సిలికేట్ రేణువులు వాటర్ పంపు సీలును అరగదీస్తాయని దాన్ని వదిలేసి ఫాస్ఫేట్ పెట్టుకున్నాయి. సుజుకి, టొయోటా, హోండా, హ్యుందాయ్, కియా ఇంజన్లు ఈ ఫాస్ఫేట్ దారిలోవే.

కాబట్టి మీ షాపులో చెప్పిన గులాబీ రంగు కూలెంట్ మంచిదో కాదో దాని రంగును బట్టి చెప్పలేం. టొయోటా సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్ గులాబీ రంగుదే, ఫాస్ఫేట్ ఉన్నది. కొత్త బండిలో తొలిసారి 1,60,000 కిలోమీటర్లకు, ఆ తర్వాత ప్రతి 80,000 కిలోమీటర్లకు మార్చమని కంపెనీ చెబుతుంది. వోక్స్‌వ్యాగన్ జి13 కూలెంట్ కూడా గులాబీకి దగ్గరైన ఊదా రంగే, కానీ అది సిలికేట్ రకం. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపించే ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి పోసేవి కావు.

వేర్వేరు రకాలు కలిస్తే ఏమవుతుంది? ఒక్కోసారి లవణాలు విడిపోయి జిగురులా పేరుకుని సన్నటి గొట్టాలు మూసుకుంటాయి. ఎక్కువసార్లు జరిగేది మాత్రం కంటికి కనబడదు. రెండిటి రసాయనాలూ పలచబడి ఏ ఒక్కటీ సరిపడా మిగలదు. అయిదేళ్లు రావాల్సిన కూలెంట్‌లో పచ్చది కలిపితే మొత్తం ఆయుష్షు పచ్చదాని రెండేళ్లకి పడిపోయిందనే లెక్క వేసుకోవాలి.

మీ స్విఫ్ట్‌కి మొదటి ఎంపిక మారుతి జెన్యూన్ పార్ట్స్ షాపులో దొరికే సుజుకి కూలెంట్. బండి మోడల్, సంవత్సరం చెప్పి అడగండి. అది దొరక్కపోతే పేరున్న కంపెనీదేదైనా సరే, డబ్బా వెనక మూడు విషయాలు చదవండి. ఫాస్ఫేట్ ఉన్న ఓఏటీ అనో, హైబ్రిడ్ ఓఏటీ అనో, ఆసియా వాహనాలకు అనో రాసి ఉండాలి. సిలికేట్, నైట్రైట్, అమైన్, బోరేట్ లేవని ఉండాలి. జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి 3306, మన ఐఎస్ 5759 వీటిలో కనీసం ఒకటి ఉండాలి. నైట్రైట్ ఉన్నవి లారీలు, బస్సుల పెద్ద డీజిల్ ఇంజన్ల కోసం చేసినవి, మీ అల్యూమినియం రేడియేటర్‌కి వద్దు. ఏ ప్రమాణం పేరూ లేకుండా ‘అన్ని వాహనాలకు’ అని మాత్రమే ఉన్న డబ్బా ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

డబ్బా మీద ఇంకో మాట తప్పకుండా చూడాలి. ‘రెడీ టు యూజ్’ అంటే నీళ్లు ముందే కలిపినది, అలాగే పోయాలి. ‘కాన్సంట్రేట్’ అంటే చిక్కటిది, మనం నీళ్లు కలపాలి. రెడీ టు యూజ్‌లో మళ్లీ సగం నీళ్లు కలిపితే మిగిలేది పాతిక శాతం గ్లైకాల్. షెడ్డుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. అలాగని కాన్సంట్రేట్‌ని నీళ్లు కలపకుండా నింపినా తప్పే, వేడిని మోసే శక్తి బాగా తగ్గిపోతుంది. మన వాతావరణానికి 40 నుంచి 50 శాతం గ్లైకాల్ సరైనది. 33 కంటే దిగితే తుప్పు నిరోధకాలు చాలవు, 60 దాటితే చల్లదనం తగ్గుతుంది.

కలిపే నీళ్ల విషయం హైదరాబాద్ వాళ్లకు మరీ ముఖ్యం. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గీజరు కాయిల్‌కి తెల్లగా పట్టేది అదే. సుజుకి కూలెంట్‌లో ఉన్నది ఫాస్ఫేట్. బోరు నీళ్లలోని కాల్షియం దానితో చేరితే ఐరోపా కంపెనీలు భయపడిన పొలుసు మన రేడియేటర్‌లో తయారవుతుంది. కూలెంట్‌లోని ఫాస్ఫేట్ కూడా ఆ మేరకు ఖర్చయిపోతుంది. ఎంత ఖరీదైన కూలెంట్ కొన్నా బోరు నీళ్లు కలిపితే ఫలితం ఉండదు. ఇంట్లో ఆర్వో నీళ్లు బోరు కంటే నయమే, కానీ వాటిలోనూ కొంత ఉప్పు మిగిలి ఉంటుంది. బ్యాటరీ షాపుల్లో అయిదు లీటర్ల క్యాన్లలో అమ్మే డిస్టిల్డ్ లేదా డీఎం వాటర్ (ఖనిజాలు తీసేసిన నీళ్లు) తెచ్చుకోండి. అదే షాపుల్లో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి క్యాన్లలోనే ఉంటుంది. లేబుల్ చదివి తీసుకోండి.

ఇక లెక్క. ఈ తరగతి పెట్రోల్ కార్లలో కూలెంట్ మొత్తం నాలుగు, అయిదు లీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. ఇక్కడ 4.5 లీటర్లు అనుకుందాం. రేడియేటర్ కింద ప్లగ్గు తీస్తే అంతా కారిపోదు. ఇంజన్ బ్లాక్‌లో, హీటర్ కోర్‌లో మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది. కడిగాక అలా మిగిలేవి ఉత్త నీళ్లు. 2.7 లీటర్లు బయటికొచ్చి, 1.8 లీటర్ల నీళ్లు లోపలే ఉన్నాయనుకోండి. దానిలో 2.7 లీటర్ల రెడీ టు యూజ్ పోస్తే అసలు గ్లైకాల్ 1.35 లీటర్లే, అంటే 30 శాతం. కొత్త కూలెంట్ పోయించామన్న తృప్తి తప్ప రక్షణ చాలదు. అందుకే లోపల కడిగించేటప్పుడు కాన్సంట్రేటే కొనండి. 50 శాతం కావాలంటే ముందు 2.25 లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగిలిన ఖాళీని అర లీటరులోపు డీఎం వాటర్‌తో నింపాలి. కారిన కూలెంట్‌ని గుర్తులున్న బకెట్‌లో పట్టి కొలిస్తేనే ఈ లెక్క కుదురుతుంది. మెకానిక్‌ని తప్పకుండా అలా పట్టమనండి. కడగకుండా, అదే రకం కూలెంట్‌ని ఆయుష్షు తీరిందని మార్చేవాళ్లకి మాత్రం రెడీ టు యూజ్ సుఖం.

మీ బండికి కడగడం తప్పదు. ఇంజన్ ఆపి కనీసం రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కింద టబ్బు పెట్టి డ్రైన్ ప్లగ్గు, పైన మూత తీసి పూర్తిగా కారనివ్వండి. రిజర్వాయర్ డబ్బాని విడిగా తీసి అడుగున మడ్డి కడగాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు, ఆ మడ్డి మొదటి రోజే కొత్త కూలెంట్‌లోకి చేరుతుంది. ప్లగ్గు బిగించి నీళ్లు నింపి, హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఇంజన్ నడపండి. చల్లారాక మళ్లీ తీసేయండి. ఇలా మూడు విడతలు చేయాలి. మొదటి విడతకి మున్సిపల్ నల్లా నీళ్లు ఫర్వాలేదు, చివరి రెండు విడతలు డీఎం వాటర్‌తోనే. దీనికి అయిదు లీటర్ల క్యాన్లు రెండు మూడు పడతాయి. మూడు విడతల తర్వాత కూడా నీళ్లు ఎర్రగా వస్తుంటే కూలెంట్ కంపెనీలే అమ్మే రేడియేటర్ ఫ్లష్‌ని సీసా మీద రాసిన సమయం మించకుండా వాడవచ్చు. ఘాటు యాసిడ్లు పోసే షెడ్డుల నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోండి, అవి అల్యూమినియాన్నే తినేస్తాయి.

రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడినా, పగిలినా ఈ పనితోపాటే మార్చండి. పాతదాని మీద 0.9 ఉంటే 0.9, 1.1 ఉంటే 1.1, అదే అంకె ఉన్నది వేయాలి. మూత ఒత్తిడి నిలపకపోతే పైన చెప్పిన మరుగు లెక్కంతా తప్పుతుంది. తుప్పులో మునిగిన థర్మోస్టాట్‌ని (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) కూడా ఇప్పుడే మార్పించడం నయం. మళ్లీ దాని కోసం కొత్త కూలెంట్ పారబోయాల్సిన పని ఉండదు.

నింపేటప్పుడు సన్నధారగా పోయండి. పై హోస్ పైపుని చేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే గాలి బుడగలు బయటికొస్తాయి. మూత తీసే ఉంచి, హీటర్ వేడి మీద పెట్టి ఐడిల్‌లో నడపండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే పై హోస్ వేడెక్కి, మట్టం ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడు మళ్లీ నింపి మూత బిగించండి. డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే లోపల ఇంకా గాలి చిక్కుకుని ఉంది. ఆ స్థితిలో రోడ్డెక్కితే మళ్లీ ఓవర్‌హీట్ అవుతుంది.

తీసిన కూలెంట్‌ని మోరీలో పోయకండి, వాకిట్లో వదలకండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. వీధికుక్కలు, ఆవులు నాకితే చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. పాత క్యాన్‌లో పట్టి, గట్టిగా మూతపెట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.

రాణీగంజ్‌లో కొన్నా, పుత్లీబౌలీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా నకిలీల భయం ఉంది. సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడటం ఎలాగూ చేస్తారు. ఇంట్లో ఇంకో పరీక్ష ఉంది. గ్లైకాల్ నీళ్ల కంటే బరువు. సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజితో కొలిచి డిజిటల్ తూకం మీద పెడితే నీళ్లు 50 గ్రాములు తూగుతాయి, సగం నీళ్లు కలిపిన మిశ్రమం సుమారు 53, మంచి కాన్సంట్రేట్ 55 గ్రాముల పైన. రెడీ టు యూజ్ అని కొన్నది 50 గ్రాములే తూగితే మీరు కొన్నది రంగునీళ్లు. ఆ సిరంజి, గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు. ఇంతకంటే కచ్చితంగా తెలియాలంటే చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒక చుక్క వేస్తే అది ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో చూపిస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ గీత మీద మైనస్ 37 చూపిస్తే 50 శాతం, మైనస్ 24 దగ్గరైతే 40 శాతం, మైనస్ 17 దగ్గరైతే మూడో వంతు. మనకి చలితో పని లేకపోయినా చిక్కదనం చెప్పే అంకె అదే.

ఇదే సందేహం ఉన్న ఇతర పాఠకులకు ఒక మాట. వోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లు ఫాస్ఫేట్ రకం జోలికి పోకుండా మాన్యువల్‌లో ఉన్న టీఎల్ 774 అనే కూలెంట్ ప్రమాణం నంబరు, దాని చివర ఉన్న అక్షరంతో సహా చూసి కొనాలి. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ కూలెంట్ సంగతి పూర్తిగా వేరు. కొన్నిటిలో విద్యుత్ ప్రసారం తక్కువగా ఉండే ప్రత్యేక ద్రవం వాడతారు. దానికి షెడ్డులో టాపప్ చేయించకండి.

పని అయ్యాక వరసగా మూడు రోజులు పొద్దున్నే, బండి తీయకముందు డబ్బాలో మట్టం చూడండి. మొదటి ఒకటి రెండు రోజులు మిగిలిన గాలి బయటికొచ్చి కొంచెం దిగుతుంది, అదే మిశ్రమంతో నింపితే చాలు. అందుకోసం ఒక సీసాలో అర లీటరు కలిపి, పేరు రాసి డిక్కీలో ఉంచుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎప్పుడైనా తప్పనిసరై వాటర్ బాటిల్ నీళ్లే పోయాల్సి వస్తే, ఇంజన్ చల్లారాకే పోయండి. మరిగే ఇంజన్‌లో చన్నీళ్లు పడితే హెడ్ పగలవచ్చు. ఆ వారంలోనే చిక్కదనం కొలిపించి సరిచేయించండి. నెల తర్వాత రంగు చూడండి. పోసినప్పటి రంగే ఉంటే మాన్యువల్‌లో రాసిన గడువు ప్రకారం పోవచ్చు, అయినా లోపల పాత తుప్పు ఉంది కాబట్టి నేనైతే రెండేళ్లకే ఒకసారి మార్పించమంటాను. నెలకే మళ్లీ గోధుమ రంగు తేలితే ఇంకో విడత కడిగించండి. అప్పుడూ ట్రాఫిక్‌లో వేడెక్కడం ఆగకపోతే, ఫ్యాను సరిగ్గా తిరుగుతోందని తేల్చుకున్నాక, రేడియేటర్ గొట్టాలు పూడిపోయినట్టే. మళ్లీ కూలెంట్‌కి ఖర్చు పెట్టకుండా రేడియేటర్ కొత్తది వేయించండి.